విదేశీ గడ్డ మీద సైనికులకు పాఠం చెప్పాలంటే...

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో మన అధికారిణి ఒకరు సైనికులకు సూచనలిస్తున్న వీడియో చూసినప్పటి నుంచి ‘నేనూ అదే చేస్తా’ అంటోంది. ఏ కోర్సు చదివించాలి?
- ఓ తండ్రి, ఒంగోలు

జవాబు: దానికంటూ విడిగా కోర్సు లేదండీ. విదేశీ డ్యూటీకి నేరుగా ఎవరినీ తీసుకోరు. ముందు ఇక్కడ అధికారి కావాలి, నలుగురిని నడిపించాలి. అవకాశం ఆ తర్వాతే. ఆడపిల్లలకు దారి లేదన్న బెంగ మాత్రం వద్దు. సూడాన్, దక్షిణ సూడాన్‌ల నడుమ ఉన్న అబ్యేకి 2023లో మన సైన్యం ఒక మహిళా ప్లటూన్‌నే పంపింది: ఇద్దరు అధికారులు, 25 మంది సైనికులు.

ఇంటర్ తర్వాత అధికారి శిక్షణకు తీసుకునే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ఆర్మీ విభాగానికి ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. కాకపోతే రాతపరీక్ష 900 మార్కుల్లో 300 లెక్కలవే. బైపీసీ పిల్లలు బోల్తా పడేది అక్కడే. లెక్కలంటే భయమైతే హాయిగా డిగ్రీ చదివించి, డిగ్రీవాళ్లకు పెట్టే సైనికాధికారుల పరీక్ష సీడీఎస్ రాయించండి. అందులో చెన్నై ఓటీఏకి (అధికారుల శిక్షణ అకాడమీకి) లెక్కల పేపరే ఉండదు.

రాతపరీక్ష గట్టెక్కాక అసలు వడపోత ఎస్‌ఎస్‌బీలో (సైన్యం ఎంపిక బోర్డులో). ఐదు రోజుల ఇంటర్వ్యూ. అందులో లెక్చరెట్ అని ఒకటుంది: చీటీ తీసి, మూడు నిమిషాలు ఆలోచించుకుని, మూడు నిమిషాలు మాట్లాడాలి. మార్కుల్లో ముందున్న పిల్లలూ అక్కడ నీళ్లు నమలడం నాకు కొత్త కాదు.

ఉద్యోగంలోకి వెళ్లాకా ఇదే పని. నేల మీద మట్టితో కొండ, సుద్దపొడితో రోడ్డు, దారాలతో గళ్లు వేసి ‘సాండ్ మోడల్’ తయారుచేస్తారు. అధికారి కర్రతో చూపిస్తూ ఎవరు ఎటు వెళ్లాలో చెప్పి, చివర్లో ‘కోయీ షక్?’ (ఏమైనా అనుమానాలా?) అంటారు. ఎవరూ నోరెత్తకపోతే అర్థమైనట్టు కాదు. వెనక వరసలో ఉన్నతన్ని లేపి తిరిగి చెప్పించాలి. ఈ తంతంతా చాలావరకు హిందీలోనే. మన పిల్లలు ఇంగ్లిష్ కోచింగ్‌కు పరుగులు తీస్తారు గానీ హిందీ ఊసే ఎత్తరు.

ఈ ఆదివారం పెరట్లో మట్టి మీద మీ వీధి గీసి, రైల్వే స్టేషన్‌కు దారి హిందీలో మూడు నిమిషాలు చెప్పమనండి. మీరు అడ్డు ప్రశ్నలు వేయండి.