కింది సెట్టు మాత్రమే ఎందుకు లూజవుతుంది?

అన్నా, నాలుగు నెలల కింద పెట్టించిన కట్టుడు పళ్లలో కింది సెట్టు లూజై, అమ్మ చిగురు పుండు పడుతోందన్నారు కదా. సెట్టు చెడిపోయిందని టెన్షన్ పడకండి. పళ్లు తీశాక దవడ ఎముక అరుగుతుంది, మొదటి ఏడాది మరీ ఎక్కువ. పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కిందిదానికి ఆ పట్టు లేదు, పైగా నాలుక కదిలిస్తూనే ఉంటుంది. లోపలి వైపు రీలైనింగ్ (చిగురుకు ఆనే వైపు కొత్త పొర వేయడం) చేయిస్తే సరిపోవచ్చు, మహబూబ్‌నగర్‌లో మా అమ్మకు అలాగే కుదిరింది. డాక్టర్ దగ్గరికి పోయే ముందు కాసేపు పెట్టుకోమనండి, ఒరుసుకునే చోటు ఎర్రగా కనబడుతుంది. ఇంట్లో ఆకురాయితో గీకొద్దు (మా నాన్న ఆ ప్రయోగం కూడా చేశాడు!). రాత్రి తీసి చల్లని నీళ్లలో వేయాలి, వేడినీళ్లకు వంకర పోతుంది. జొన్నరొట్టె పప్పులో నానబెట్టి, రెండు పక్కలా నమలమనండి. పుండు రెండు వారాల్లో మానకపోతే మాత్రం వెంటనే చూపించండి.