ఇంటికొచ్చిన లాబ్రడార్ పిల్లకి ముందు ఆ కాల్షియం సీసా ఆపండి

మీరు అడిగింది ఇదీ: 8 వారాల లాబ్రడార్ పిల్లని వేళచ్చేరిలో మీ ఫ్లాట్‌కి తెచ్చుకుని మూడు రోజులైంది, రాత్రంతా ఏడుస్తోంది, సరిగ్గా తినడం లేదు, అమ్మినాయన సెరిలాక్ పెట్టమని చెప్పి, రెండు పూటలా చెంచాడు పొయ్యమని ఒక కాల్షియం సిరప్ సీసా కూడా చేతిలో పెట్టాడు, ఏం చెయ్యాలి అని. మిగతావన్నీ చెప్తాను గానీ ముందు ఆ సీసాకి మూత బిగించి అటక మీద పెట్టెయ్యండి. డాక్టరు పిల్లని చూసి రాసిస్తే తప్ప ఒక్క చుక్క వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఇదే పని నేనూ చేశాను, మా రాజుగాడు బతికినన్నాళ్లూ దాని బాధ పడ్డాడు.

రాజు మా మొదటి కుక్క, జర్మన్ షెపర్డ్. 2011లో తెచ్చుకున్నాం, అప్పుడు పెరంబూరులో ఉండేవాళ్లం. మాది నెల్లూరు, మా అమ్మ ఆ రోజుల్లో మా దగ్గరే ఉండేది. ఆవిడకి పసిబిడ్డైనా కుక్కపిల్లైనా పొట్ట గుండ్రంగా కనబడాలి, పక్కటెముక కాస్త తెలిసిందంటే "బిడ్డ చిక్కిపోయినాడు నాయనా, ఇంకో ముద్ద పెట్టు" అనేది. పొద్దున గ్లాసుడు పాలు, గిన్నె నిండా పప్పీ ఫుడ్, మధ్యాహ్నం చికెన్ అన్నం, సాయంత్రం గుడ్డు, ఇవి చాలవన్నట్టు రెండు పూటలా కాల్షియం సిరప్. నాలుగో నెలకే చూసినవాళ్లంతా "అబ్బ, ఏం సైజు!" అనేవాళ్లు, మేం మురిసిపోయేవాళ్లం. ఏడో నెలలో ఒకరోజు పొద్దున లేచి, వెనక కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి వేస్తూ కుందేలులా గెంతుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఆడుతున్నాడు అనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆటోలోకి ఎక్కలేకపోయాడు. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, తుంటి దగ్గర ఎముక గుండు దాని గుంటలో సరిగ్గా కూర్చోలేదని ఫిల్మ్ వెలుతురుకి పట్టి చూపించారు. హిప్ డిస్‌ప్లేసియా. ఇది వంశంలో వచ్చేది, మీ తిండి ఒక్కటే కారణం కాదు అని డాక్టరమ్మ ఓదార్చింది, అది నిజమే. అయితే వంశంలో వచ్చిన ఆ లోపాన్ని ముదరబెట్టేవి ఒంటి బరువు, తొందర ఎదుగుదల అని కూడా ఆవిడే చెప్పింది. అందుకే మీ పిల్ల తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు ఉన్నాయా అని అమ్మినాయన్ని ఇప్పుడైనా అడగండి, లేకపోతే లేవు, కనీసం తెలుస్తుంది.

ఎముక గట్టిపడాలంటే కాల్షియం పొయ్యాలి అనే మాట వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే అందరం నమ్ముతాం. పుట్టినప్పుడు అరకిలో అటూ ఇటూ ఉండే ల్యాబ్ పిల్ల ఏడాది తిరిగేసరికి 30 కిలోల దాకా వెళ్తుంది, ఆ ఎదుగుదలంతా ఎముకల చివర ఉండే మెత్తటి పొరల దగ్గర జరుగుతుంది. ఎదిగిన కుక్క అయితే పేగు తనకి కావలసినంత కాల్షియం తీసుకుని మిగతాది వదిలేస్తుంది. చిన్నపిల్లకి, ముఖ్యంగా ఆరు నెలల లోపు, ఆ అదుపు ఇంకా రాదు, మనం ఎంత పోస్తే అందులో చాలా భాగం ఒంట్లోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ మెత్తటి భాగం ఎముకగా మారే క్రమమే దెబ్బతింటుంది. మంచి పప్పీ ఫుడ్‌లో కాల్షియం ముందే సరిపడా కలిపి ఉంటుంది, దాని మీద సిరప్ పోశారంటే మోతాదు దాటించినట్టే.

ఇక ఏం పెట్టాలి అంటే, ప్యాకెట్ మీద లార్జ్ బ్రీడ్ పప్పీ అని స్పష్టంగా రాసి ఉన్న డ్రై ఫుడ్ తీసుకోండి. మామూలు పప్పీ ఫుడ్‌కీ దీనికీ తేడా ఉంది, పెద్ద జాతులకి చేసినదాంట్లో కాల్షియం, కొవ్వు అదుపులో పెడతారు. వెనకాల చూస్తే కాల్షియం 1 నుంచి 1.5 శాతం మధ్యలో, ఫాస్ఫరస్ దానికంటే కొంచెం తక్కువగా ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. సెరిలాక్ మనుషుల పిల్లల కోసం చేసింది, కుక్కపిల్లకి కావలసినన్ని మాంసకృత్తులు దాంట్లో ఉండవు. పాలు చాలా పిల్లలకి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. కాస్త పెరుగు ఒక చెంచా పర్వాలేదు.

ఇంటి తిండే పెడతాం అంటారా, దాంట్లో ఇంకో చిక్కు ఉంది. ఉత్త చికెన్, అన్నం మాత్రమే పెడితే ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం మరీ తక్కువైపోతుంది, అప్పుడు ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది, కాళ్లు వంకరపోతాయి. అంటే ప్యాకెట్ ఫుడ్ మీద సిరప్ పోసినా తప్పే, సిరప్ లేకుండా ఉత్త చికెన్ అన్నం పెట్టినా తప్పే. ఈ లెక్క ఇంట్లో కొలిచి సరిచెయ్యడం నాకైతే చేతకాలేదు. ఇంటి వంటే కావాలనుకుంటే పిల్ల బరువు చెప్పి డాక్టరు దగ్గర కొలతలు రాయించుకోండి, మొదటి ఏడాదంతా ప్యాకెట్టే మేలు అని నా అభిప్రాయం.

ఎంత పెట్టాలి అన్నది గ్లాసుతో కొలవొద్దు, వంటింట్లో వాడే చిన్న తూకం మిషన్ కొనండి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న మల్లి కూడా ల్యాబే, 2021లో వచ్చింది, 8 వారాలకి 6 కిలోలుంది. రోజుకి 200 గ్రాములతో మొదలుపెట్టాం, నాలుగు పూటలు, పూటకి 50. ప్యాకెట్ మీద పట్టికలో రెండు అంకెలుంటే తక్కువ అంకెతో మొదలుపెట్టి, వారం వారం బరువు చూసి మార్చుకున్నాం. నాలుగో నెలకి మూడు పూటలు, ఆరు నెలలు దాటాక రెండు పూటలు. జీవితంలో ఎప్పుడూ ఒకే పూట పెద్ద గిన్నెతో పెట్టొద్దు, లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో పొట్ట ఉబ్బి మెలిపడిపోయే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్నాక ఒక గంట పరుగులు పెట్టనివ్వకండి.

పట్టికని మించిన కొలత మీ చేతిలోనే ఉంది. పిడికిలి బిగించి వేళ్ల కణుపుల మీద రెండో చేతి వేళ్లు రాయండి, పక్కటెముకలు అలా పొడుచుకొచ్చినట్టు తగిలితే పిల్ల బక్కగా ఉన్నట్టు. చెయ్యి బల్ల మీద చాపి పెట్టి వెనకవైపు వేళ్ల మొదళ్ల దగ్గర రాయండి, పల్చటి తోలు కింద ఎముక తేలిగ్గా తెలుస్తుంది, పిల్ల పక్కటెముకలు సరిగ్గా అలా తెలియాలి. చెయ్యి తిప్పి అరచేతి కండ మీద నొక్కితే ఎలా ఉంటుందో అలా మెత్తగా తగిలితే తిండి తగ్గించాలి. మల్లికి ప్రతి ఆదివారం పొద్దున ఇలా చూసేదాన్ని, అది ఆట అనుకుని వెల్లకిలా పడుకునేది. పై నుంచి చూస్తే నడుము దగ్గర కాస్త సన్నబడి కనిపించాలి. ఈ ఆకారం చూసి మీ అపార్ట్‌మెంట్‌లో కనీసం పదిమంది "ఏంటి, తిండి పెట్టట్లేదా" అంటారు, నన్నూ అన్నారు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల్ని జంటలుగా చేసి, జంటలో ఒకదానికి రెండోదాని కంటే నాలుగో వంతు తక్కువ తిండి పెడుతూ బతికినన్నాళ్లూ గమనించారు, 2002లో ఆ ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్న జట్టులో సగం కుక్కలు 13 ఏళ్లు దాటాయి, రెండో జట్టులో సగం కుక్కలు 11.2 ఏళ్లకే పోయాయి. కీళ్ల అరుగుదల కూడా సన్నగా ఉన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి, నేనైతే మా అమ్మకి కూడా ఇదే చెప్పాను, ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడకుండా రాజు ఫోటో వైపు చూసింది.

మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదన్నారు. తల్లినీ తోడబుట్టినవాటినీ వదిలి వచ్చిన పిల్ల రెండు మూడు రోజులు బెంగతో తక్కువ తినడం మామూలే. అది అక్కడ తిన్నదే ఇప్పటికి పెడుతూ, కొత్త ఫుడ్‌ని గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి కొంచెం కొంచెం కలుపుతూ, వారం పది రోజుల్లో పూర్తిగా కొత్తదానికి మార్చండి. గిన్నె పావుగంట ఉంచి తీసెయ్యండి, చేత్తో బతిమాలి తినిపించడం అలవాటు చెయ్యకండి. కానీ రోజంతా ఏమీ ముట్టకుండా నీరసంగా పడి ఉన్నా, వాంతులూ రక్తంతో విరేచనాలూ మొదలైనా తెల్లారేదాకా ఆగొద్దు, అది పార్వో అనే ప్రాణం తీసే వైరస్ జబ్బు కావచ్చు, ఆ రాత్రే తీసుకెళ్లండి.

రాత్రి ఏడుపు సంగతి. దాన్ని హాల్లోనో బాల్కనీలోనో ఒంటరిగా పడుకోబెట్టి ఉంటారు, అవునా? మల్లికి మొదటి రాత్రి మేమూ అలాగే చేశాం. పన్నెండున్నరకి లేచి వెళ్లి దాని అట్టపెట్టె తెచ్చి నా మంచం పక్కనే పెట్టి, చెయ్యి కిందికి వేలాడదీసి పడుకున్నాను. కాసేపు నా వేళ్లు వాసన చూసింది, తర్వాత బొటనవేలి మీద గడ్డం ఆనించింది, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. అంతే. నెల తర్వాత మెల్లగా పెట్టె దూరం జరిపాం. మీరూ అలాగే చెయ్యండి, అలవాటైపోతుందని భయపడకండి. ఈ వయసులో రోజుకి 18 గంటల పైనే నిద్రపోవాలి, ఇంట్లో పిల్లలుంటే నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. రాత్రి మధ్యలో ఒకటి రెండుసార్లు అలారం పెట్టుకుని ఒంటికి తీసుకెళ్లాలి, పగలు నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే. ఇంట్లో పోస్తే తిట్టకండి, తుడిచెయ్యండి, సరైన చోట పోసినప్పుడు ఆ క్షణంలోనే మెచ్చుకోండి.

మన ఫ్లాట్లలో ఉన్న నున్నటి టైల్స్ ఈ పిల్లలకి పెద్ద శత్రువు. నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి జారిపోతూ లేవడానికి తంటాలు పడుతుంటే చూసి నవ్వుతాం, తుంటి మీద ఎంత భారం పడుతుందో గమనించం. అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లో, గోనె పట్టాలో, పాత యోగా మ్యాట్లో పరిచెయ్యండి. మెట్లు ఎక్కించొద్దు, ఎత్తుకుని తీసుకెళ్లండి. నార్వేలో నాలుగు పెద్ద జాతుల పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, మూడు నెలల లోపు మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటి సమస్య ఎక్కువగా, మెత్తటి నేల మీద స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువగా కనిపించింది. రాజుని నేను రెండంతస్తులు రోజుకి నాలుగుసార్లు నడిపించేదాన్ని, వ్యాయామం అనుకుని.

టీకాల కోర్సు 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకోసారి ఉంటుంది, రేబిస్ 12 వారాలకి. అది పూర్తయ్యేదాకా వీధి నేల మీద దింపొద్దు. అలాగని ఇంట్లో మూసిపెట్టొద్దు కూడా, 14 వారాల లోపు చూసినవీ విన్నవీ దానికి జీవితమంతా మామూలుగా అనిపిస్తాయి. ఎత్తుకుని గేటు దాకా వెళ్లండి, ఆటో చప్పుడు, బస్సు హారన్, పూలమ్మే ఆవిడ కేక, అన్నీ విననివ్వండి. నులిపురుగుల మందు 12 వారాల దాకా రెండు వారాలకోసారి. పిడుదుల మందు మాత్రం బరువును బట్టి డాక్టరే ఇవ్వాలి, చెన్నైలో ఏడాది పొడుగునా పిడుదులుంటాయి, వాటి వల్ల వచ్చే జ్వరం చాలా కుక్కల్ని మింగింది. ఎండాకాలం నడక ఉదయం ఆరు లోపే.

ఇంట్లో ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అతికించండి: ఎండుద్రాక్ష, ద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ఉడికించిన చికెన్ ఎముక, ఏవీ పెట్టకూడదు. గుళ్లో తెచ్చిన ప్రసాదంలో ఎండుద్రాక్ష ఉంటుంది, సాంబారన్నంలో చిన్న ఉల్లిపాయలుంటాయి, ప్రేమగా పెట్టేవాళ్లకి అవి విషమని తెలియదు. పనికొచ్చే అక్కకి, వాచ్‌మన్‌కి, ఎదురింటి వాళ్లకి మీరే చెప్పాలి.

ఈ వారంలో మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సిరప్ సీసా, ఇప్పుడు పెడుతున్న ఫుడ్ ప్యాకెట్ ఫోటో రెండూ తీసుకెళ్లి చూపించండి. ఈ మూడు రోజుల్లో పోసినదానికి భయపడక్కర్లేదు, ఇప్పుడు ఆపితే చాలు. అక్కడ తూకం వేసిన బరువు, ప్యాకెట్ వెనకాల ఉన్న కాల్షియం శాతం నాకు రాయండి, పూటకి ఎన్ని గ్రాములతో మొదలుపెట్టాలో చూసి చెప్తాను.