సరుకా, కిరాయా?

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి చదివాను. ఇంగ్లీషు రవాణా మాటలు ఒక వరస, ఉజ్బెక్ మాటలు ఇంకో వరస, మొత్తం నూట ఇరవై పేర్చావు. కష్టం కనబడుతోంది కానీ వ్యాసం కనబడలేదు.

ఫ్రైట్, కార్గో, లోడ్, మూడింటికీ ఎదురుగా ‘యుక్’ అని రాసి ముందుకెళ్ళిపోయావు. తప్పనను, యుక్ అంటే సరుకే, ఉజ్బెక్‌లో లారీ కూడా యుక్ మషినాసే, అంటే సరుకు బండే. కానీ ఇంగ్లీషులో ఫ్రైట్ అంటే ఒక్కోసారి సరుకు కాదు, సరుకు మోసినందుకిచ్చే కిరాయి. కొత్తలో నేనూ ఇక్కడే బోల్తాపడ్డాను. ఒక కంపెనీ కాగితాలు తెలుగు చేస్తూ ‘ఫ్రైట్ ప్రీపెయిడ్’ని ‘సరుకు ముందే చెల్లించబడింది’ అని రాశాను. అక్కడి గుమస్తాగారు ఫోన్ చేసి, బాబూ, బియ్యం బస్తాలతో అప్పు తీర్చామా అని అడిగారు. ఆ ఒక్క మాట మీదే నువ్వు రెండు పేజీలు రాయొచ్చు.

స్టేషన్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఇంగ్లీషులో ఒక్క మాట, తాష్కెంట్‌లో రైలుకి వోక్జాల్, మెట్రోకి బెకత్. ఈ వోక్జాల్ ఎక్కడిదనుకున్నావు? లండన్‌లో వాక్స్‌హాల్ అనే వినోద వనం ఉండేది, రష్యావాళ్ళు ఆ పేరుని కచేరీలు జరిగే హాళ్ళకి పెట్టుకున్నారు, పీటర్స్‌బర్గ్ నుంచి వేసిన రైలు మార్గం 1838లో పావ్లోవ్స్క్‌లో అలాంటి హాలు దగ్గరికే చేరింది, దాంతో పేరు కాస్తా స్టేషన్‌కి అంటుకుని రష్యన్ మీదుగా ఉజ్బెక్‌లోకి దిగింది. ఇంగ్లీషు మాటే, ఇప్పుడు ఇంగ్లీషువాడే పోల్చుకోలేడు! నువ్వేమో ‘స్టేషన్ – వోక్జాల్’ అని గీత గీసి వదిలేశావు.

డ్రైవర్‌కి హైదోవ్చి అని రాశావు చూడు, దాని వెనకున్న క్రియ హైదమోక్. గొర్రెల్ని తోలినా అదే, కారు నడిపినా అదే. మన ఊళ్ళో ఎడ్లనీ తోలతాం, బండినీ తోలతాం, ఆటోనీ తోలతాం కదా, తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంది? ఛార్జీని యోల్‌కిరా అంటారు. యోల్ అంటే దారి, కిరా మన కిరాయికి చుట్టమే, అరబీలో పుట్టి పారసీ పట్టుకుని అటూ వెళ్ళింది, ఇటూ వచ్చింది.

నూట ఇరవైలో ఓ పది ఉంచుకుని మిగతావి కొట్టెయ్. ముందు యోల్‌కిరా గురించి ఒక పేరా రాసి ఆదివారంలోగా పంపు. పట్టిక మాత్రం మళ్ళీ పంపకు, చదవను.

మీ అన్న