స్టుట్‌గార్ట్‌లో కొత్త కాపురం: పగలంతా ఇంట్లో ఉండబోయేవారికి ఒక జవాబు

భర్తకు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చిందనీ, అక్టోబరులో రెండేళ్ల పాపను తీసుకుని విజయవాడ నుంచి బయలుదేరుతున్నామనీ, తనకు జర్మన్ ఒక్క ముక్క కూడా రాదనీ, పగలంతా పాపతో ఇంట్లో ఉండే మనిషికి అక్కడ రోజులు ఎలా గడుస్తాయో అనుభవం ఉన్నవారు చెప్పాలనీ ఈ ప్రశ్న వేసిన సోదరి కోరారు. నేను గుంటూరు నుంచి ఇదే నగరానికి, ఇదే విధంగా భర్త వెంట వచ్చి కొన్నేళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగానికి వెళ్లేవారి కోసం రాసిన సలహాలు ఎన్నో దొరుకుతాయి కాబట్టి, ఇంటి పట్టున ఉండేవారికి పనికొచ్చే సంగతులే ఇక్కడ రాస్తాను.

ఆఫీసుకు వెళ్లే మనిషి బరువులో సగం ఆఫీసే మోస్తుంది. అక్కడ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, కాగితాల గురించి అడగడానికి ఎవరో ఒకరు ఉంటారు, పక్క బల్ల దగ్గర ఇంకో తెలుగువారు కూడా ఉండవచ్చు. తలుపు కొట్టే పార్సిల్ మనిషి, మెట్ల మీద ఎదురయ్యే పెద్దావిడ, పాపకు జ్వరం వచ్చినప్పుడు డాక్టరు దగ్గర ఫోను ఎత్తే అమ్మాయి, వీళ్లంతా జర్మన్‌లో పలకరించేది మాత్రం ఇంట్లో ఉన్న మనల్నే. అద్దె ఒప్పందం నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. వాటితో రోజూ తంటాలు పడేది మనం. నాకు తెలిసిన కుటుంబాల్లో ఆడవాళ్లను మొదటి ఏడాది చలి కంటే ఈ స్థితే ఎక్కువగా కుంగదీసింది. అందుచేత, వీలైన ప్రతిచోటా మీ పేరు కూడా ఉండేలా మొదటి వారం నుంచే చూసుకోండి అన్నదే నా జవాబుకు మూలం.

అది పోస్టు డబ్బాతో మొదలవుతుంది. ఇక్కడి అపార్టుమెంట్లలో సాధారణంగా ఫ్లాటు నంబరు అనేది చిరునామాలో ఉండదు. వీధి, భవనం నంబరు, మనిషి ఇంటిపేరు, అంతే. డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా ఆ ఇంటిపేరు కనిపిస్తే ఉత్తరం చేరుతుంది, కనిపించకపోతే వెనక్కి పోతుంది. మన తెలుగు దంపతుల్లో చాలామందికి పాస్‌పోర్టులో భార్యకు పుట్టింటివారి ఇంటిపేరే కొనసాగుతుంది, కొందరికైతే ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. భర్త పేరు ఒక్కటే అతికిస్తే మీ బీమా కార్డూ, మీ పన్ను సంఖ్యా, బ్యాంకు రహస్య సంఖ్యా అన్నీ దారి తప్పుతాయి. కాబట్టి ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాసి అతికించండి. ఈ దేశంలో ముఖ్యమైన ప్రతి విషయమూ ఇప్పటికీ ఉత్తరం ద్వారానే తెలుస్తుంది. ఫోను చేసి గుర్తు చేసేవారు ఉండరు, ఉత్తరంలో రాసిన గడువు దాటితే జరిమానా కూడా ఉత్తరంలోనే వస్తుంది. డబ్బా తాళంచెవుల్లో ఒకటి మీ దగ్గర ఉంచుకుని, వచ్చిన ప్రతి కవరునూ మీరే విప్పి, ఫోనులోని అనువాద యాప్‌తో చదవడం అలవాటు చేసుకోండి. నాకు జర్మన్ మొదట అబ్బింది ఆ ఉత్తరాల వల్లనే అని చెప్పాలి.

ఇంట్లో చేరిన రెండు వారాల లోపల ముగ్గురి పేర్లూ స్థానిక కార్యాలయంలో నమోదు చేయించాలి. దీన్నే ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. ఇంటి యజమాని సంతకం చేసిన ధృవీకరణ పత్రం లేకుండా ఇది జరగదు కాబట్టి, ఆ పత్రం ఇవ్వననే వారి ఇల్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. నమోదు ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. కాథలిక్ అనో, ప్రొటెస్టెంట్ అనో రాస్తే, ఈ రాష్ట్రంలో ఆదాయపు పన్ను మొత్తం మీద 8 శాతం చర్చి పన్నుగా జీతంలోంచి పోతుంది. మన క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఈ సంగతిని జీతం చీటీ చూసేదాకా గమనించవు. నమోదైన కొద్ది వారాలకు ఒక్కొక్కరి పేరు మీద పదకొండు అంకెల పన్ను గుర్తింపు సంఖ్య వస్తుంది. మీకూ పాపకూ వచ్చినవి ఆదాయం లేదు కదా అని పారేయవద్దు. పిల్లల భత్యం, 2026 నుంచి నెలకు 259 యూరోలు, అడిగేటప్పుడు అవి కావాలి. ఆ తర్వాత ప్రసార రుసుము కట్టమని ఇంకో ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి ఒకరు నెలకు 18.36 యూరోలు కట్టవలసిందే. మోసపు ఉత్తరమనుకుని చించేసినవారు తర్వాత అపరాధ రుసుముతో కలిపి కట్టారు.

మీ భర్త ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉంటే, ఆదాయం లేని భార్యకూ పిల్లలకూ అదనపు చందా లేకుండానే అదే బీమా వర్తిస్తుంది. మీకు మీ ఫొటోతో వేరే కార్డు వస్తుంది; అది మీ పర్సులోనే ఉండాలి. బ్యాంకు ఖాతా ఉమ్మడిగా తెరవండి, లేదా మీకొకటి వేరుగా తెరవండి. అద్దె ఒప్పందంలో రెండో సంతకం మీది కావాలని యజమానిని అడిగితే సాధారణంగా అభ్యంతరం ఉండదు, కానీ అద్దె బాధ్యత కూడా ఇద్దరిదీ అవుతుందని తెలిసి సంతకం చేయండి. వంటగది లేని ఇళ్లు ఇక్కడ మామూలే. గోడకు పంపు గొట్టం, పైకప్పు నుంచి వేలాడే తీగలు మాత్రమే కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. పసిపిల్లతో వస్తున్నారు కాబట్టి మొదటి ఇల్లు వంటగదితో ఉన్నదే చూసుకోమని మీ భర్తకు ఇప్పుడే చెప్పండి.

ఇక ఇంటి లోపలి సంగతులు. ఫ్లాటు తలుపుకు బయటివైపు తిరగని పిడి ఉంటుంది. గాలికి తలుపు మూసుకుంటే తాళంచెవి లేకుండా తెరుచుకోదు. చెత్త వేయడానికి కిందికి వెళ్లినా తాళంచెవి మెడలోనో జేబులోనో ఉండాలి. పాప లోపల, మీరు బయట చిక్కుకుంటే మొహమాటపడకుండా అత్యవసర నంబరు 112కు ఫోను చేయండి. పాప లేనప్పుడు అదే జరిగితే తాళాల పనివాడిని పిలవాలి, ఆదివారమైతే ఆ ఖర్చు గుండె అదిరేలా ఉంటుంది. ఇతరులకు కలిగించిన నష్టాన్ని భరించే వ్యక్తిగత బాధ్యతా బీమా ఒకటి తీసుకోవడం ఇక్కడ దాదాపు అందరికీ అలవాటు. ఏడేళ్ల లోపు పిల్లలు చేసిన నష్టానికి చట్టం వారిని బాధ్యులను చేయదు. అయినా పక్కింటివారితో సంబంధం చెడకూడదంటే, చిన్నపిల్లలు చేసిన నష్టాన్ని కూడా భరించే పాలసీ ఎంచుకోవడం మంచిది.

చలికాలంలో కిటికీలు మూసి వంట చేసే మన అలవాటు ఇక్కడి గోడలకు పడదు. ఇళ్లు గాలి చొరబడకుండా కట్టినవి కాబట్టి అన్నం ఆవిరి, ఆరవేసిన బట్టల తేమ గోడ మూలల్లో చేరి నల్లగా బూజు పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ఆ బూజును చూపించి డిపాజిట్టులో కోత పెట్టాలని చూసే యజమానులున్నారు. రోజుకు మూడు నాలుగు సార్లు, బయట మంచు పడుతున్నా సరే, కిటికీలన్నీ బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచి మూసేయాలి. ఇంగువ పోపు పెట్టిన వెంటనే ఆ పని చేస్తే బూజూ రాదు, వాసన మెట్ల మీదికీ పోదు. ఇడ్లీ పిండి పులవడానికి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి రాత్రంతా వదిలేయండి. ఆ వెచ్చదనం సరిపోతుంది. పిండి రుబ్బడం మాత్రం రాత్రి 10 లోపు ముగించాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద సమయం, ఆదివారం రోజంతా అంతే. పిల్లల ఏడుపు విషయంలో చట్టమూ ఇరుగుపొరుగూ కూడా ఉదారంగానే ఉంటారు. గ్రైండరు మోత విషయంలో ఉండరు.

ఆదివారం దుకాణాలు చట్టప్రకారం మూసి ఉంటాయి. కొన్ని గంటలు తెరిచే బేకరీలు, పెట్రోలు బంకులు, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొట్లు తప్ప తెరిచి ఉండేవి చాలా తక్కువ కాబట్టి, పాలూ డైపర్లూ శనివారం సాయంత్రానికే సరిచూసుకోవాలి. చెత్తను కాగితం, కూరగాయల తొక్కులు, ప్యాకింగ్ సామాను, మిగిలినవి అని వేరుచేయాలి. గాజు సీసాలను రంగుల వారీగా వీధి పెట్టెల్లో వేయాలి, అదీ ఆదివారం వేయకూడదు. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు, పానీయాల డబ్బాల మీద 25 సెంట్లు ముందే వసూలు చేస్తారు; సూపర్ మార్కెట్లోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తాయి. మా పిల్లలకు ఇది మన సంతలో రంగులరాట్నం ఎక్కినంత సరదా.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ‘కేర్‌వోఖె’ గురించి విడిగా చెప్పాలి. స్టుట్‌గార్ట్ ఉన్న ఈ ష్వాబియా ప్రాంతంలో మెట్లు, నడవ, ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేసే వంతు వారానికొకరికి వస్తుంది. మీ తలుపు పిడికి చిన్న బోర్డు తగిలించారంటే ఆ వారం మీదే. అన్ని భవనాల్లోనూ ఇది ఉండదు, కొన్నిచోట్ల జీతానికి మనిషిని పెడతారు; ఒప్పందంలో ఉంటే మాత్రం చేయక తప్పదు. ఇల్లు ఊడ్చుకోవడాన్ని కూడా నియమంగా రాసుకున్నారేమిటని ఇతరులు నవ్వుతారు గానీ, తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లే ఊళ్ల నుంచి వచ్చిన నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. పైగా నా వంతు వారంలో చీపురు పట్టుకుని మెట్ల మీద నిలబడినప్పుడే మా భవనంలోని వారితో మాటలు కలిశాయి. ఇంకో దారి పార్సిళ్లు. ఇంట్లో లేనివారి పార్సిలు పక్కింట్లో ఇచ్చి, వారి డబ్బాలో చీటీ వేసి పోవడం ఇక్కడ పద్ధతి. పగలు ఇంట్లో ఉండేది మీరే కాబట్టి భవనంలో అందరి పార్సిళ్లూ మీ దగ్గరికే చేరతాయి, సాయంత్రానికి అందరూ మీ తలుపే కొడతారు. ఇది విసుగు అనుకోకండి. ఉద్యోగస్థులకు ఏళ్లు పట్టే పరిచయాలు మీకు నెలల్లో అవుతాయి.

పాప విషయంలో దిగిన వారంలోనే రెండు పనులు మొదలుపెట్టాలి. ఒకటి పిల్లల డాక్టరును వెతకడం. చాలామంది కొత్తవారిని చేర్చుకోరు, పదిచోట్ల అడగవలసి రావచ్చు. జ్వరానికి సిరప్ బదులు తరచుగా మలద్వారంలో పెట్టే బిళ్లలు రాస్తారు, యాంటీబయాటిక్ అంత తేలికగా రాయరు; మూడు రోజులు చూద్దామంటే నిర్లక్ష్యం అనుకోవద్దు. క్లినిక్కులు మూసిన వేళ అత్యవసరం కాని జబ్బుకు 116117 నంబరు ఉంది. రెండోది ‘కీటా’, అంటే శిశు సంరక్షణ కేంద్రం. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ చోటు పొందే హక్కు 2013 నుంచి చట్టంలో ఉన్నా, చోట్లు చాలవు. దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. ఈలోగా ఇంటి దగ్గర నలుగురైదుగురు పిల్లలను చూసుకునే అనుమతి పొందిన ‘టాగెస్‌ముట్టర్’ల దగ్గర కూడా ప్రయత్నించండి. ఎక్కడ చేర్చాలన్నా తట్టు టీకా రుజువు తప్పనిసరి, రెండేళ్లు నిండిన పిల్లలకైతే రెండు డోసులు కావాలి కాబట్టి, విజయవాడలోని టీకాల కార్డును తేదీలూ ముద్రలూ స్పష్టంగా కనిపించేలా తీసుకురండి. చేరిన తర్వాత మొదటి కొన్ని వారాలు తల్లో తండ్రో పిల్లతోపాటు అక్కడే కూర్చుని, క్రమంగా సమయం తగ్గిస్తూ వస్తారు. ఏడుస్తున్న పిల్లను గేటు దగ్గర వదిలి వచ్చే మన పద్ధతి కంటే ఇది నాకు ఎంతో నచ్చింది. ఆ వారాల్లో అక్కడ కూర్చుని విన్న పిల్లల జర్మన్ నాకు ఏ తరగతిలోనూ దొరకలేదు.

నగరం గిన్నె అడుగులా పల్లంలో ఉండి చుట్టూ కొండలుంటాయి, కొండలకు వందల కొద్దీ మెట్ల దారులుంటాయి; పిల్లల తోపుడు బండితో (స్ట్రోలర్‌తో) వెళ్లేవారు మ్యాపులో దూరంతోపాటు ఎత్తు కూడా చూసుకోవాలి. పసుపు రంగు ట్రామ్‌బండ్లలో బండి సులభంగా ఎక్కుతుంది, ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. మీకు మాత్రం కావాలి; ఎక్కేచోట గేట్లు లేవు గదా అని ఎక్కితే, తనిఖీలో 60 యూరోలు కట్టాలి. దేశమంతటా స్థానిక బస్సులకూ రైళ్లకూ చెల్లే, నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్టు రోజూ తిరిగేవారికి లాభం, వారానికొకసారి బయటికి వెళ్లేవారికి దండగ. వానాకాలమంత ముసురు పట్టిన రోజుల్లో 2011లో కట్టిన తెల్లటి కేంద్ర గ్రంథాలయం నాకు పెద్ద ఆసరా. పిల్లల అంతస్తులో ఎవరూ ఏమీ కొనమని అడగరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు.

మీరు అక్టోబరులో వస్తున్నారు కాబట్టి చీకటి గురించి దాచకుండా చెబుతాను. ఆ నెల చివరి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, ఇంటికీ ఇక్కడికీ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది. డిసెంబరులో పొద్దు ఎనిమిది దాటాక పొడిచి సాయంత్రం నాలుగున్నరకే కుంకుతుంది. రోజంతా ఫోనులో అమ్మతో మాట్లాడుతూ గడపడం సహజమే, కానీ అలా గడిపితే ఇక్కడ ఉన్న కాస్త వెలుతురూ పోతుంది. వెలుతురు ఉన్నప్పుడు పాపను పార్కుకు తీసుకెళ్లండి, చీకటి పడ్డాక ఫోను చేసుకోండి. తెలుగువారి వాట్సాప్ గుంపులు గోంగూర ఎక్కడ దొరుకుతుందో, పాత సోఫా ఎవరు అమ్ముతున్నారో తెలుసుకోవడానికి బాగుంటాయి. వీసా నియమాల విషయంలో మాత్రం అక్కడి మాటను పట్టుకుని ఏ నిర్ణయమూ చేయవద్దు.

మీ భర్తకు బ్లూ కార్డు (ఉన్నత చదువు ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) అయితే, ఆయన వెంట వచ్చే మీకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చాక ఉద్యోగం చేసుకునే అనుమతి కూడా ఉంటుంది. పరీక్ష అక్కర్లేదన్న ఈ వెసులుబాటే చాలామందిని ఏళ్ల తరబడి భాష నేర్చుకోకుండా చేస్తుందని నా అభిప్రాయం. ఆయనకు జర్మన్‌లో బీ1 (మధ్యస్థాయి) ఉంటే 21 నెలలకూ, ఏ1 (మొట్టమొదటి స్థాయి) ఉంటే 27 నెలలకూ శాశ్వత నివాసం అడిగే వీలుంది. మీ శాశ్వత నివాసానికి షరతులు వేరుగా చూస్తారు, ఆయన నేర్చుకున్న భాష మీ లెక్కలోకి రాదు. హైదరాబాదులోని గోథే సెంట్రమ్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఏ1 ఇప్పుడే మొదలుపెట్టండి. ఇక్కడికి వచ్చాక రోటెబ్యూల్‌ప్లాట్స్ దగ్గరి ఫోల్క్స్‌హోఖ్‌షూలే అనే వయోజన విద్యా కేంద్రంలో సాయంత్రం తరగతికి చేరి, ఆ పూట పాపను చూసుకోవడం భర్త వంతు అని ముందే మాట్లాడుకోండి.

సామానులో పెళ్లి సర్టిఫికెట్టు, పాప జనన ధృవీకరణ, మీ డిగ్రీల అసలు పత్రాలు చేతి సంచిలో ఉంచుకోండి. మిక్సీ ఇక్కడి కరెంటుకు పనిచేస్తుంది, ప్లగ్గు అడాప్టరు మాత్రం కావాలి. కుక్కరు తెస్తే అల్యూమినియంది తేవద్దు, ఇండక్షన్ పొయ్యి ఉన్న ఇల్లు దొరికితే అది వేడెక్కదు. అడుగున ఇండక్షన్‌కు పనికొస్తుందన్న గుర్తు ఉన్న స్టీలుది తెచ్చుకుని, దానికి రెండు గ్యాస్కెట్లు ఎక్కువ వేసుకోండి.