నర్వ్ స్టిమ్యులేటర్ నేర్చుకోవడం దండగా?

ప్రశ్న: మెడిసిన్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. అనస్థీషియాలో పీజీ చేయాలని ఉంది. నర్వ్ స్టిమ్యులేటర్‌తో నరానికి కరెంటు ఇచ్చి, దాన్ని గుర్తుపట్టి మత్తిచ్చే పద్ధతి చూశాక ఆసక్తి ఇంకా పెరిగింది. అల్ట్రాసౌండ్ వచ్చాక దానితో పనిలేదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. పద్ధతి పాతదే. 1912లోనే జర్మన్ సర్జన్ గెయోర్గ్ పెర్థెస్ నరాన్ని వెతకడానికి కరెంటు వాడారు. అయినా నేర్చుకోమనే చెబుతాను.

నర్వ్ బ్లాక్‌లో, అంటే నరం పక్కన మందు ఎక్కించి ఆ భాగానికి మాత్రమే మత్తివ్వడంలో, చిక్కంతా సూది మొన ఎక్కడుందన్నదే. మందు దూరంగా పడితే బ్లాక్ పట్టదు. నరంలోకే దిగితే నరం దెబ్బతినొచ్చు. స్టిమ్యులేటర్ సూదికి మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్ ఉంటుంది. సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ కరెంటుతో మొదలుపెడతారు. చేతిలోని మీడియన్ నరం దగ్గరైతే వేళ్లు ముడుచుకుంటాయి, రేడియల్ అయితే మణికట్టు పైకి లేస్తుంది, తొడలోని ఫెమొరల్ అయితే మోకాలి చిప్ప ఎగురుతుంది. కరెంటు 0.5కి, ఆపైన 0.3కి తగ్గించినా అదురు ఆగలేదంటే నరం దగ్గరికి చేరినట్టే. 0.2 కంటే తక్కువలోనూ అదురుతుంటే మందు ఎక్కించకూడదు, సూది వెనక్కి లాగాలి. ఒక్కో పల్స్, అంటే కరెంటు తాకే సమయం, 0.1 మిల్లీసెకను మాత్రమే. కండరాన్ని కదిలించే పోగులకు అది చాలు, నొప్పి పోగులకు చాలదు. అందుకే మెలకువగా ఉన్న పేషెంటు కూడా ఓర్చుకుంటాడు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి!

లోపమూ ఉంది. సూది నరాన్ని తాకినా ఒక్కోసారి అదురు రాదు. కండరాలు సడలే మందు ఇచ్చి ఉంటే అసలే రాదు. రక్తనాళాలు, మందు వ్యాపించే తీరు చూపించేది అల్ట్రాసౌండే. కనుక మొదట పట్టు సాధించాల్సింది దాని మీదే. కానీ లావుపాటి శరీరంలో, లోతైన నరాల దగ్గర బొమ్మ మసకబారుతుంది. తెర మీద కనిపించేది నరమా, స్నాయువా అన్న అనుమానం వస్తుంది. అప్పుడు తేల్చేది ఆ అదురే. చాలామంది రెండూ కలిపి వాడేది ఇందుకే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: బ్రేకియల్ ప్లెక్సస్‌ను (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లికను) చూడకుండా గీయగలిగేదాకా సాధన చేయండి. ఏ నరం ఏ కండరాన్ని కదిలిస్తుందో నోటికి రావాలి. స్థానిక మత్తుమందు రక్తంలో కలిస్తే కనిపించే లక్షణాలు, దానికి లిపిడ్ ఎమల్షన్‌తో (రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణంతో) చేసే చికిత్స ఇప్పుడే చదవండి. సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరొక్కటే చూడొద్దు. ఆర్థో కేసులు ఎన్ని వస్తాయో, బ్లాక్‌లు పీజీల చేత చేయిస్తారో లేక పక్కన నిలబెడతారో అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి.