శనివారం మూడు దాటాక స్టాక్‌హోమ్

"ఆఫీసు పని మీద స్టాక్‌హోమ్ వెళ్తున్నాను, మా ఆవిడ కూడా వస్తోంది, పని అయ్యాక మూడు రోజులు ఖాళీ. ఎక్కడ తినాలి, ఏం తాగాలి, ఏం చూడాలి?" అని కదా మీ ప్రశ్న. అక్కడ నాలుగేళ్ళు ఉండి వచ్చాను. ఆఫీసు కిస్తాలో. రాసేది కిస్తా, పలికేది మాత్రం "షిస్తా". ఈ సంగతి తెలియక మొదటి వారం నేను అడ్రసు చెబితే ఎవరికీ అర్థం కాలేదు. వీకెండ్ టూరు వేసి "తప్పక చూడాల్సిన పదిహేను చోట్లు" అని వీడియోలు పెట్టేవాళ్ళ కంటే నాకు కాస్త ఎక్కువే తెలుసని నా నమ్మకం.

ముందు తిండి సంగతి. బయట తినాలంటే మధ్యాహ్నమే తినండి. పని రోజుల్లో పదకొండు నుంచి రెండు దాకా చాలా రెస్టారెంట్లలో 'దాగెన్స్ లంచ్' ఉంటుంది, అంటే ఇవాళ్టి భోజనం. సలాడు, బ్రెడ్డు, వెన్న, చివర్లో కాఫీ, అన్నీ ఆ ధరలోనే వస్తాయి. నేను ఉన్నప్పుడు 130, 140 క్రోనర్లకి కడుపు నిండేది. క్రోనా అంటే మన తొమ్మిది, పది రూపాయలు అనుకోండి. అదే చేప ముక్క అక్కడే రాత్రి ఏడింటికి తింటే బిల్లు రెట్టింపు, కాఫీ డబ్బులు మళ్ళీ వేరే. ఇంకో సంగతి, అక్కడివాళ్ళు పదకొండున్నరకే భోజనానికి లేస్తారు. మనం అలవాటు కొద్దీ ఒంటిగంటన్నరకి తీరిగ్గా వెళ్తే అడుగున మిగిలిన బంగాళాదుంపలే గతి.

మీ మూడు రోజుల్లో గురువారం ఉంటే బటానీ సూపు అడగండి. పసుపు రంగు ఎండు బటానీలు మెత్తగా ఉడికించి, పక్కన ఆవముద్ద పెడతారు. దాని తర్వాత జామ్‌తో పాన్‌కేకులు. గురువారం ఇది తినడం వాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. తాలింపు వేయడం మర్చిపోయిన పప్పులా ఉంటుంది కానీ చలిలో బాగుంటుంది. అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు, తినకపోతే ముందే అడగండి. మీట్‌బాల్స్ విషయంలోనూ జాగ్రత్త. మామూలుగా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి చేస్తారు. ఐకియా ఫర్నిచర్ షాపు రెస్టారెంటులో కడుపు నిండా తిన్నాక ఆ సంగతి తెలిసి మొహం మాడ్చుకున్న మనవాళ్ళని చూశాను.

ఇండియన్ రెస్టారెంటుకి మాత్రం వెళ్ళకండి. నా మాట వినండి. నేను వెళ్ళినవాటిలో ఏ గిన్నె మూత తీసినా అదే నారింజ రంగు గ్రేవీ, అదే తీపి. "స్పైసీగా చెయ్యండి" అంటే పైన రెండు పచ్చిమిరపకాయలు నిలువునా చీరి పెట్టేవారు. మూడు రోజులు అన్నం లేకపోతే ఏమీ కాదు. ఉండలేమనుకుంటే కిస్తాలో ఇండియన్ సరుకులు దొరుకుతాయి, కిచెన్ ఉన్న గది తీసుకోండి.

తాగడం దగ్గరికి వస్తే, మొదట మంచినీళ్ళు. పంపు నీళ్ళే అందరూ తాగుతారు, సీసాలు కొనక్కర్లేదు. తర్వాత కాఫీ. 'ఫీకా' అనే మాట మీరు వినే ఉంటారు. కాఫీ తాగుతూ, పక్కన తియ్యటిదేదో తింటూ కాసేపు కూర్చోవడం, అంతే. దాని మీద పుస్తకాలకి పుస్తకాలు ఎందుకు రాస్తున్నారో నాకు అర్థం కాదు, మనం టీకొట్టు దగ్గర రోజూ చేసేది అదే కదా. కాఫీ నల్లగా, పల్చగా ఉంటుంది. పాలు మనమే పోసుకోవాలి, ఫిల్టర్ కాఫీని తలచుకోకండి. చాలా చోట్ల రెండో కప్పు ఊరికే ఇస్తారు, దాన్ని 'పోతోర్' అంటారు.

అందరూ దాల్చినచెక్క బన్ను తినమంటారు. నేను మాత్రం యాలకుల బన్ను తినమంటాను. యాలకులు మెత్తటి పొడి చేయకుండా కచ్చాపచ్చాగా దంచి వేస్తారు, పంటి కింద గింజ తగులుతుంది. కుంగ్స్‌గాతన్ వీధిలో 1928 నుంచి ఉన్న వేతె కాట్టెన్ అనే బేకరీకి మా పిన్నిని తీసుకెళ్తే, గుమ్మంలోనే ఆగి "ఇక్కడెవరో పరమాన్నం వండుతున్నార్రా" అంది. నాలుగు తింది. ఆ బన్నుల పైన మెరుపు కోసం మామూలుగా గుడ్డు సొన పూస్తారు. ఆ రోజు శనివారం, పిన్ని శనివారాలు నీచు ముట్టదు. ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

అదే శనివారం బాబాయ్‌తో జరిగింది కూడా చెప్పాలి. మీ ప్రశ్నలో తాగడం, చూడడం రెండూ ఉన్నాయి కాబట్టి పనికొస్తుంది.

బాబాయ్‌ది తాళ్ళరేవు, కోరంగి పక్కన. చెక్క పడవలు కట్టేవాళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఉద్యోగం కాకినాడలో ఇంకేదో చేశాడు గానీ పడవ కనబడితే చాలు, ఆగి దాని అడుగు చూడందే కదలడు. జూన్‌లో ఇద్దరూ మా దగ్గరికి వచ్చారు. "సాయంత్రం ఒక చల్లటి బీరు తాగుదాంరా" అని పొద్దున్నే చెప్పాడు. సరే, ముందు వాసా మ్యూజియం చూద్దాం అన్నాను. అక్కడే తప్పు చేశాను.

వాసా సంగతి తెలియకపోతే చెబుతాను. 1628 ఆగస్టు 10న స్వీడన్ రాజు కొత్త యుద్ధనౌక మొట్టమొదటిసారి బయల్దేరింది. పట్టుమని కిలోమీటరున్నర కూడా పోలేదు. గాలి కాస్త గట్టిగా వీచేసరికి పక్కకి ఒరిగి, ఫిరంగుల కోసం పెట్టిన కిటికీల్లోంచి నీళ్ళు వచ్చి, ఊరి జనం చూస్తుండగా రేవులోనే మునిగిపోయింది. 333 ఏళ్ళ తర్వాత, 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. 69 మీటర్ల ఓడ, 64 ఫిరంగులు, చెక్క బొమ్మలతో సహా దాదాపు అంతా అసలుదే. మ్యూజియం లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే నల్లటి ఓడ మీదకి వస్తున్నట్టు నిలబడి ఉంటుంది. నాలాంటి వాడికే ఒక్క నిమిషం మాట పడిపోయింది.

పిన్ని గంటలో మొత్తం చూసేసి బెంచీ మీద కూర్చుంది. బాబాయ్ నేరుగా కింది అంతస్తుకి దిగి ఓడ అడుగు దగ్గర నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి మూడుసార్లు నడిచాడు. తర్వాత తల పైకెత్తి, ఆ వెనక భాగం ఎత్తు చూసి, "ఒరేయ్ అబ్బాయ్, ఇది నడవదురా. మీద అంత మేడ కట్టి అడుగున ఇంత సన్నం చేస్తే ఎలా? బరువుకి అడుగున వేసే రాళ్ళు చాలవు" అన్నాడు. పక్కన బోర్డు మీద రాసింది అచ్చంగా అదే. ఇంగ్లీషు బోర్డు ఆయన చదవనే లేదు.

అక్కడితో ఆగలేదు. గైడు ఒకావిడ కనబడితే నన్ను మధ్యలో పెట్టి ప్రశ్నలు మొదలెట్టాడు. అడుగున రాళ్ళు ఇంకా ఎందుకు వేయలేదు? వేస్తే ఓడ ఇంకా కిందికి దిగి, ఆ ఫిరంగి కిటికీలు నీళ్ళకి మరీ దగ్గరయ్యేవి. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉంటే పురుగు ఎందుకు తినలేదు? బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, ఆ పురుగు అక్కడ బతకదు. మరి ముందే ఊపి చూసుకోలేదా? చూశారు. ముప్ఫై మందిని పైన అటూ ఇటూ పరిగెత్తించారు. మూడుసార్లు పరిగెత్తేసరికి ఓడ ఊగే తీరు చూసి, రేవులోనే బోల్తా పడుతుందని ఆపేశారు. "తెలిసి తెలిసి పంపారా?" అన్నాడు బాబాయ్. రాజు యుద్ధంలో ఉన్నాడు, ఓడ త్వరగా పంపమని తొందరపెడుతున్నాడు అంది ఆవిడ. నేను తెలుగులో చెప్పగానే తల ఊపి, "అంతేలే. మంత్రిగారు డేటు ఇచ్చాక బ్రిడ్జి ఓపెనింగు ఆగుద్దా?" అన్నాడు. దీన్ని ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బాగా నచ్చిందంటున్నాడని చెప్పి ఊరుకున్నాను.

ఓడలో దొరికిన కొలబద్దలు చూశాక ఇక కదల్లేదు. నాలుగు దొరికాయట. రెండు స్వీడన్ అడుగు కొలతవి, అంటే పన్నెండు అంగుళాలు. రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగువి, పదకొండు అంగుళాలు. ఓడ కట్టినవాళ్ళలో స్వీడన్ వాళ్ళూ, హాలెండ్ వాళ్ళూ ఉన్నారు. ఎవరి బద్దతో వాళ్ళు కొలుచుకున్నారన్నమాట. ఓడ ఒక పక్క కాస్త బరువుగా ఉందనీ, దానికి ఇదీ ఒక కారణం కావచ్చనీ చెబుతారు. బాబాయ్ కావచ్చు గివచ్చు ఒప్పుకోలేదు. "ఇదే కారణం, ఇంకేం లేదు" అని తీర్పు ఇచ్చేశాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది. నేను చేసిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో సగం అలాగే మునిగాయి.

ఇవన్నీ అయ్యేసరికి రెండున్నర. అప్పుడు తట్టింది నాకు, ఇవాళ శనివారం.

స్వీడన్‌లో 3.5 శాతం దాటిన మద్యం బాటిల్ కొనుక్కోవాలంటే మామూలుగా ఒకటే చోటు, సిస్టమ్‌బొలాగెట్ అనే ప్రభుత్వ షాపు. ఇరవై ఏళ్ళు నిండాలి. శనివారం మూడింటికి మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. పరుగున ఫెర్రీ దగ్గరికి వెళ్తే అమ్యూజ్‌మెంట్ పార్కు జనం, ఒక ఫెర్రీ నిండిపోయి వెళ్ళిపోయింది. తర్వాతది పట్టుకుని స్లుస్సెన్ అనే రేవులో దిగి, పిన్నిని వెనక వదిలేసి మేమిద్దరం వేగంగా నడిచి షాపు ముందుకి చేరేసరికి 3:04. అద్దాల తలుపు వేసి ఉంది. లోపల ఇంకా నలుగురు బిల్లు కడుతున్నారు. బాబాయ్ అద్దం మీద మెల్లగా తట్టాడు. లోపలున్న అమ్మాయి చాలా మర్యాదగా నవ్వి, గోడ గడియారం వైపు వేలు చూపించింది. "నాలుగు నిమిషాలేగా" అన్నాడు బాబాయ్, తెలుగులోనే. ఆంధ్రాలో 2019 నుంచి ఐదేళ్ళు గవర్నమెంటు షాపుల ముందు లైన్లలో నిలబడి అనుభవం సంపాదించిన మనిషి, ఎక్కడైనా మాట్లాడితే పని అవుతుందని ఆయన ధీమా. అవలేదు. ఒకవేళ తెరిచినా చల్లటి బీరు దక్కేది కాదు, ఆ షాపుల్లో సీసాలు ఫ్రిజ్‌లో పెట్టరు.

తర్వాత సూపర్‌మార్కెట్‌లో దొరికే 3.5 శాతం బీరు డబ్బాలు కొన్నాం. బార్‌కి వెళ్దామంటే గ్లాసు ధర రూపాయల్లోకి మార్చి చూసుకుని ఆయనే వద్దన్నాడు. స్లుస్సెన్ దగ్గర హెర్రింగ్ చేప వేయించి ఇచ్చే బండి ఉంటుంది, అక్కడ రెండు ప్లేట్లు తీసుకున్నాం. రై (గోధుమ లాంటి ధాన్యం) పిండి అద్ది వెన్నలో వేయించి, బంగాళాదుంప ముద్దతో ఇస్తారు. మన కవళ్ళకి దగ్గర చుట్టమే ఆ చేప. స్టాక్‌హోమ్‌లో నేను తిన్నవాటిలో డబ్బుకి తగ్గ తిండి ఇదే. సీసాల్లో అమ్మే పచ్చి హెర్రింగ్ జోలికి మాత్రం పోకండి. పులుపులో నానబెట్టి పైన పంచదార వేసిన చేపని నేను నాలుగేళ్ళలో అలవాటు చేసుకోలేకపోయాను.

రాత్రి పది దాటినా బాల్కనీలో ఇంకా వెలుతురు. బాబాయ్ రెండో డబ్బా తాగి, "మజ్జిగే నయంరా, నిద్రైనా పడుద్ది" అన్నాడు.

ఇక చూసేవి. వాసాకి ఒక పూట పూర్తిగా పెట్టండి, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. పడవ టూర్లు వద్దు. మెట్రోకి తీసుకున్న టికెట్టే స్లుస్సెన్ నుంచి వాసా ఉన్న యూర్‌గోర్డెన్ దీవికి వెళ్ళే ఫెర్రీకీ చెల్లుతుంది, డెబ్భై ఐదు నిమిషాలు ఎన్నిసార్లు మారినా పర్వాలేదు. అదే టికెట్ మీద బ్లూ లైన్ స్టేషన్లు చూడండి. టి-సెంట్రాలెన్‌లో తెల్లటి రాతి గుహ మీద నీలం తీగలు, సొల్నా సెంట్రుమ్‌లో నెత్తిన ఎర్రటి ఆకాశం. నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ చూసినవే, అయినా విసుగు రాలేదు.

గామ్లా స్తాన్ పాత ఊరికి పొద్దున ఎనిమిది లోపు వెళ్తేనే అందం. తర్వాత ఫ్రిజ్ మ్యాగ్నెట్ల షాపులు తెరుచుకుంటాయి, 90 సెంటీమీటర్ల సందులో ఫొటో కోసం క్యూ కడతారు. సిటీ హాల్ టూరులో నోబెల్ విందు జరిగే 'బ్లూ హాల్' చూపిస్తారు, అందులో నీలం ఉండదు, అంతా ఎర్ర ఇటుకే. నీలం వేయాలనుకున్న ఆర్కిటెక్టుకి ఇటుక నచ్చి మనసు మార్చుకున్నాడట, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. సాయంత్రం సోడెర్‌మాల్మ్ మీద మొంటేలియుస్‌వేగెన్ అనే కాలిబాట ఎక్కండి, ఊరూ నీళ్ళూ అన్నీ కనబడతాయి, పైసా ఖర్చు లేదు. ఓస్లో కంటే స్టాక్‌హోమ్ వంద రెట్లు మేలు. ఓస్లోలో నేనున్నది ఒక్క రోజే, అదీ వానలో, అయినా నా అభిప్రాయం మారదు.

నోట్లు మార్చుకుని తీసుకెళ్ళకండి, అన్నిటికీ కార్డే. ఆఖరికి పబ్లిక్ టాయిలెట్‌కి కూడా నేనున్నప్పుడు కార్డు గీకి పది క్రోనర్లు కట్టేవాణ్ణి. కట్టాక తలుపు తెరుచుకోకపోతే అడిగే దిక్కు లేదు, నాకు రెండుసార్లు అయింది.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. డిసెంబర్ అయితే మూడు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి, ఆ కాలిబాట మధ్యాహ్నం రెండింటికే ఎక్కండి. మీ మూడు రోజుల్లో శనివారం ఉంటే వాసాని ఆదివారానికి పెట్టుకోండి.