మోకాళ్ళ నొప్పి ఉన్నా మహేంద్రగిరి చూడవచ్చు

మోకాళ్ళ నొప్పితో ఉన్న అమ్మగారిని శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని మహేంద్రగిరి కొండకు తీసుకెళ్ళి ఒక్కరోజులో తిరిగి రాగలమా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్ళండి. 1,501 మీటర్ల ఎత్తయినా కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది, కాబట్టి ఆవిడ నడవాల్సింది తక్కువే. తెల్లవారకముందే బయలుదేరి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వెళ్ళండి. ఘాట్ రోడ్డు అలవాటున్న డ్రైవరు ఉండాలి, ఇందులో మాత్రం రాజీ పడవద్దు. శివరాత్రి జాతర రోజుల్లో వద్దు, ఆ రద్దీలో ఆవిడ నిలబడలేరు.

కొండ మీదున్న కుంతి ఆలయం దగ్గర ఆవిడను కూర్చోబెట్టి, పిల్లలతో మీరు భీముని గుడికి ఎక్కండి. చిన్న గుడే, కానీ ఆ బండరాళ్ళ పరిమాణం చూస్తే భీముని పేరు ఎందుకు వచ్చిందో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

జనవరిలో మా నాన్నగారితో వెళ్ళినప్పుడు ఎదుట ఏమీ కనిపించలేదు. ఆయన శాలువా నూలుపోగుల మీద మంచు పూసల్లా నిలిచింది. దిగిపోదామనుకుంటుండగా తెర తొలగి లోయంతా పచ్చగా బయటపడింది. మంచు పట్టిందని తొందరపడి దిగకండి. స్వెటర్లు, ఫ్లాస్కులో టీ, భోజనం ఇంటి నుంచే తీసుకెళ్ళండి. చీకటి పడకముందే ఘాట్ దిగేయండి.